గద్దింపు ఎవరికి, ఓదార్పు ఎవరికి?

వెల్లూరు పేరు చెబితే తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది సీఎంసీ ఆసుపత్రి. చిత్తూరు, కడప, నెల్లూరు వైపు ఎవరికైనా పెద్ద జబ్బు చేసిందంటే ‘వెల్లూరు తీసుకుపోండి’ అనే మాట తరాలుగా వినబడుతోంది. వెల్లూరికి పడమరగా సుమారు 30 కిలోమీటర్లలో, చిత్తూరు జిల్లా పొలిమేరకు దగ్గరగా, లుంగీల నేతకూ అగ్గిపెట్టెల తయారీకీ పేరున్న గుడియాత్తం ఉంది. 1911లో చిత్తూరు జిల్లా విడివడక ముందు ఈ ప్రాంతమంతా ఉత్తర ఆర్కాటు. తమిళం, తెలుగు ఒకే సంతలో బేరమాడుకున్న సీమ. అమెరికా మిషనరీ కుటుంబానికి చెందిన స్కడ్డర్ సోదరులు 1853లో ఆర్కాటు మిషన్ స్థాపించింది మొదలు ఇక్కడి క్రైస్తవ సంఘాలు ఒక పాత చిక్కుముడితో పెనుగులాడుతూనే ఉన్నాయి. తోటి విశ్వాసి తప్పు చేస్తే ఏం చేయాలి? చూసీచూడనట్టు ఊరుకోవాలా, నిలదీయాలా, ప్రభువు బల్లకు దూరం పెట్టాలా? ఆ తప్పు మనలోనే ఉంటే దాన్ని ఎవరు చూపించాలి?

ఈ సీమ చరిత్రలో ఆ ప్రశ్నలకు పనికొచ్చే సాక్ష్యం రెండు చోట్ల దొరుకుతుంది. కులం విషయంలో సంఘాలు పడిన పాట్లు ఒకచోట. వెల్లూరు దగ్గరి కరిగిరిలో కుష్ఠు రోగులకు జరిగిన వైద్యం మరోచోట. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే తేలేది ఒకటే. మన సంఘాల్లో తప్పు దిద్దడమనేది దాదాపు ఎప్పుడూ పల్లానికే పారింది. పెద్దల నోటి నుంచి చిన్నల మీదికి, ఉన్నవాళ్ల నుంచి లేనివాళ్ల మీదికి, మగవాళ్ల నుంచి ఆడవాళ్ల మీదికి. కొత్త నిబంధన పెట్టిన వరుస ఇందుకు పూర్తిగా ఎదురు. అందులో మొదటి తనిఖీ తన మీద, ఆ తర్వాతి మాట సాటివాడితో చాటుగా, అందరి ఎదుటి గద్దింపు బలం ఉన్నవాడికి. వరుస తప్పినప్పుడల్లా పాపం అలాగే మిగిలింది, మనుషులు మాత్రం దూరమయ్యారు.

ముందు ఆ వరుస ఎక్కడుందో చూద్దాం. మత్తయి సువార్త ఏడో అధ్యాయంలో యేసు చెప్పిన నలుసు, దూలం సంగతి క్రైస్తవులు కానివాళ్లకూ తెలిసిందే. సొంత కంట్లో దూలం ఉంచుకుని ఎదుటివాడి కంట్లో నలుసు తీయబోవడం వేషధారణ అంటాడాయన. అయితే ఆ మాట అక్కడితో ఆగదు. దూలం తీసుకున్నాక చూపు తేటపడుతుందనీ, అప్పుడు నలుసు తీయవచ్చనీ కూడా చెబుతాడు. అదే సువార్త 18వ అధ్యాయంలో ఆ పని ఎలా చేయాలో మెట్లుమెట్లుగా ఉంది. అన్యాయం పొందినవాడు ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకోవాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. గలతీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయంలో పౌలు దీనికి మరో షరతు చేర్చాడు. తప్పులో చిక్కుకున్నవాణ్ణి నెమ్మదిగా నిలబెట్టాలి, నిలబెట్టేవాడు తానూ శోధనలో పడకుండా తనను తాను చూసుకోవాలి. ఈ మూడింట్లోనూ ఎదుటివాడి గురించిన ప్రతి మాటకూ తన గురించిన జాగ్రత్త ఒకటి జోడై ఉంది.

ఇక బహిరంగ గద్దింపు ఎవరికి జరిగిందో గమనించండి. నాతాను ప్రవక్త నిలదీసింది దావీదు రాజును. ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్న అధికారాన్ని. పౌలు అంతియొకయలో అందరి ఎదుట తప్పుపట్టింది పేతురును, అపొస్తలుల్లో పెద్దవాణ్ణి. పేతురు చేసిన తప్పేమిటి? అప్పటిదాకా యూదులు కాని విశ్వాసులతో కలిసి భోంచేసినవాడు, యెరూషలేము నుంచి కొందరు రాగానే వాళ్లకు జంకి పంక్తి మార్చాడు. తిమోతికి రాసిన మొదటి పత్రికలోనూ ఇదే తీరు. సంఘ పెద్ద మీద ఫిర్యాదుకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలి, తప్పు రుజువైతే మాత్రం అందరి ముందూ గద్దించాలి. కొరింథు సంఘంలో తండ్రి భార్యతో కాపురం పెట్టినవాణ్ణి వెలివేయమని పౌలు రాశాడు, నిజమే. ఆ ఉత్తరంలో అతని కోపం సగం ఆ మనిషి మీదైతే, అంతా తెలిసీ మిడిసిపడుతున్న సంఘం మీద మిగతా సగం. అదే సంఘానికి రాసిన రెండో పత్రికలో, దుఃఖపెట్టినవాడు అనుభవించిన శిక్ష చాలు, అతను దుఃఖంలో మునిగిపోకముందే క్షమించి ఓదార్చండని కోరాడు. ఇద్దరూ ఒకరేనా అన్నదానిపై పండితుల్లో వాదన ఉన్నా, శిక్షకు హద్దు ఉందన్న సంగతిలో వాదన లేదు.

మన దేశంలో సంఘాలు పెరిగిన తీరులో ఈ వరుస తలకిందులైంది. దానికి చారిత్రక కారణం కనబడుతూనే ఉంది. మిషనరీల చేతిలో బడి, ఆసుపత్రి, జీతం, స్థలం ఉన్నాయి. కొత్తగా చేరినవాళ్ల చేతిలో ఏమీ లేదు. ఒంగోలులో 1866 నుంచి పనిచేసిన జాన్ క్లౌ దగ్గర బాప్తిస్మం కోరిన మాదిగలకు మూడు ఆంక్షలు ఉండేవి: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టబోమన్నందుకు, ఆదివారం పొలానికి రాబోమన్నందుకు ఆ పేదలు ఊరి ఆసాముల చేత దెబ్బలు తిన్నారు. ఆ తెగువను తక్కువ చేయలేం. పైగా మాదిగలను చేర్చుకుంటే అగ్రకులాల పిల్లలు బడి మానేస్తారన్న బెదిరింపుకు క్లౌ దంపతులు లొంగలేదు, మాదిగల పక్షమే నిలిచారు. అయినా ఆ జాబితాను ఇప్పుడు చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. చచ్చిన గొడ్డు మాంసం తినడం ఆకలి నేర్పిన అలవాటు. దాన్ని పాపాల పట్టికలోకి ఎక్కించడం తేలిక, ఎందుకంటే తినేవాడు ఎదురు చెప్పలేడు. వాణ్ణి ఆ ఆకలిలో ఉంచిన ఆసామి ఏ పట్టికలోకీ ఎక్కలేదు. అతను సంఘంలో సభ్యుడే కాడు కదా!

కులం దగ్గరికొచ్చేసరికి ఆ పట్టికలోకి ఎక్కవలసినవాడు సంఘంలోనే ఉన్నాడు. తంజావూరు, మద్రాసు సంఘాల్లో అగ్రకుల వెల్లాల క్రైస్తవులు ఒక పక్క, దళిత పరయ క్రైస్తవులు ఒక పక్క కూర్చునేవాళ్లు. ప్రభురాత్రి భోజనం గిన్నె కూడా ముందు వాళ్లకు, తర్వాత వీళ్లకు. కొత్తగా వచ్చిన మిషనరీలు ఇది కుదరదన్నప్పుడు 1829లో తంజావూరు క్రైస్తవ కవి వేదనాయగ శాస్త్రి ఎదురు తిరిగి గ్రంథమే రాశారు. పాత తమిళ బైబిలు అనువాదాన్ని మార్చడం, అన్ని కులాలనూ కలిపి కూర్చోబెట్టి ఒకే గిన్నెతో ఇవ్వడం, పండుగల్లో పూలు వద్దనడం, తమ కీర్తనలను పక్కకు నెట్టడం ఆయన ఫిర్యాదులు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ కుల భేదాలను తక్షణం, పూర్తిగా వదిలేయాలని ఉత్తరువు పంపాడు. చాలామంది వెల్లాల క్రైస్తవులు గుడికి రావడం మానేశారు. తర్వాతి కాలంలో కొందరు జర్మనీ నుంచి వచ్చిన లైప్‌జిగ్ లూథరన్లలో చేరారు. 1850లో మద్రాసు మిషనరీల సమావేశం ఇంకో అడుగు ముందుకు వేసింది. కులం విడిచానని చెప్పేవాడు ఇతర కులాలవాళ్లు వండింది తిని చూపించాలని పరీక్ష పెట్టింది. ఆర్కాటు మిషన్ కూడా కులం విడిస్తేనే సభ్యత్వం అనే దారిలోనే నడిచింది. మద్రాసు సమావేశపు తీర్మానానికి లైప్‌జిగ్ లూథరన్లు ఒప్పుకోలేదు. కులం లోకాచారమనీ, సువార్త లోలోపల పనిచేసి దాన్ని నెమ్మదిగా కరిగిస్తుందనీ వాళ్ల డైరెక్టర్ కార్ల్ గ్రౌల్ వాదన.

ఇక్కడ రెండు పద్ధతులు ముఖాముఖి నిలిచాయి: ఉత్తరువుతో కొట్టివేయడం, కాలానికి వదిలేయడం. ఫలితం దాచేస్తే దాగేది కాదు. 2008 మార్చిలో విళుపురం జిల్లా ఎరైయూరులో వన్నియ క్రైస్తవులకూ దళిత క్రైస్తవులకూ మధ్య గొడవ పోలీసు కాల్పుల దాకా పోయింది, ఇద్దరు చనిపోయారు. తిరుచ్చి మేలపుదూరు శ్మశానంలో క్రైస్తవ సమాధుల మధ్య కులాల గోడ కథ పత్రికలకెక్కింది. 2016 డిసెంబరులో భారత కాథలిక్ బిషప్పుల సంఘం దళితుల గురించి ప్రకటించిన విధానంలో తమ సభలో అంటరానితనం ఇంకా ఉందనీ, అది ఘోరమైన సామాజిక పాపమనీ ఒప్పుకుంది. ఆంధ్రలో దళిత క్రైస్తవుల్లోనే మాల సంఘాలు, మాదిగ సంఘాలు అని ఊరూరా విడివిడిగా నడిచిన మాట తెలియనిదెవరికి? కాలానికి వదిలేసినవాళ్ల లెక్క తప్పిందన్నది స్పష్టం. పాపం దానంతటది కరగదు. చేసేవాడికి నొప్పి కలిగించనంతవరకు అది ఆచారమనే పేరుతో హాయిగా బతుకుతుంది.

ఉత్తరువు పంపినవాళ్లు చెప్పింది నిజమే అయినా, ఆ మాట వాళ్ల నోట చెల్లలేదు. బిషప్ విల్సన్ ఉత్తరువులో తప్పు వెతకడం కష్టం. అంతియొకయలో పౌలు అన్నదీ అదే. కానీ పౌలు తన సొంత యూదు పంక్తిని వదులుకుని మాట్లాడాడు. మద్రాసులో ఆంగ్లేయులకు తమ బంగళాలు, తమ దొరతనం, తమలో తమకు హోదా తేడాలు ఉన్నాయి. మీ అంతస్తుల సంగతేమిటని తమిళ క్రైస్తవులు తిరిగి అడిగినప్పుడు దానికి గట్టి జవాబు రాలేదు. ఆ ఎదురు ప్రశ్న కులానికి సమర్థనగా నిలవదు. అవమానం పొందినవాడు వెనక బెంచీలో కూర్చున్న పరయ విశ్వాసి. వెల్లాల పెద్ద వాదించింది అతని పక్షాన కాదు. అయినా దూలం వైపు వేలు చూపించే అవకాశం దొరకగానే నలుసు సంగతి మరుగున పడిపోయింది. ఇంకో లోపం కూడా ఉంది. ఈ పోట్లాటంతా మిషనరీకీ అగ్రకుల విశ్వాసికీ మధ్యే నడిచింది. దెబ్బ తగిలినవాణ్ణి పిలిచి, నీకు ఎక్కడ నొప్పి అని అడిగినవాళ్లు అరుదు. మత్తయి 18వ అధ్యాయంలోని మెట్లు మొదలయ్యేదే అన్యాయం పొందినవాడి మాటతో.

నొప్పి ప్రస్తావన వచ్చింది కాబట్టి కరిగిరికి వెళ్లాలి. ముందుగా ఒక హెచ్చరిక అవసరం. కుష్ఠును పాపానికి పోలికగా వాడటం ప్రసంగాల్లో పాత అలవాటు, అది రోగులకు జరిగిన పెద్ద అన్యాయం. ఆ జబ్బుకు కారణం ఒక సూక్ష్మజీవి అని నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే ఎవరిదీ కాదని యేసు తోసిపుచ్చిన సంగతి యోహాను సువార్తలో ఉంది. అయినా కుష్ఠు వచ్చినవాణ్ణి పాపిగా చూసే కన్ను మారలేదు. 1898 నాటి లెపర్స్ చట్టం 2016 దాకా పుస్తకాల్లో ఉంది. కుష్ఠును విడాకులకు కారణంగా చూపే వీలు క్రైస్తవుల విడాకుల చట్టంతో సహా పలు చట్టాల్లో ఉండగా, 2019లో గానీ పార్లమెంటు దాన్ని తీసేయలేదు. పాపాన్ని ఎదుర్కోబోయేవాడి మొదటి బాధ్యత ఇక్కడే ఉంది. పాపం కానిదానికి ఆ పేరు పెట్టకపోవడం. జబ్బు, పేదరికం, పిల్లలు లేకపోవడం, భర్త వదిలేయడం, మనోవ్యాధి... వీటిని ఎవరి తప్పుకో శిక్షగా చూసే సంఘానికి అసలు తప్పు కనబడదు.

1946లో వెల్లూరు సీఎంసీకి శస్త్రవైద్యుడిగా వచ్చిన పాల్ బ్రాండ్ కొల్లి కొండల్లో పుట్టిన మిషనరీ బిడ్డ. కుష్ఠు రోగుల వేళ్లు ఎందుకు పోతున్నాయన్నది ఆయన్ను పట్టుకున్న ప్రశ్న. జబ్బే మాంసాన్ని తినేస్తుందని అప్పటి నమ్మకం. ఒకసారి తుప్పు పట్టిన తాళం తన చేత కాకపోతే ఒక కుర్రాడు ముందుకొచ్చి ఇట్టే తిప్పేశాడని, నేల మీద రక్తపు చుక్క చూసి ఆ చెయ్యి పట్టుకుంటే తాళంచెవి ఎముక దాకా కోసేసి ఉందని, కుర్రాడికి ఆ సంగతే తెలియదని బ్రాండ్ రాశారు. రోగులు ఉండే కుటీరాల్లో రాత్రికి రాత్రి వేళ్లు మాయమవుతుంటే కాపలా కాసి చూశారు. ఎలుకలు కొరుకుతున్నాయి, నిద్రలో ఉన్నవాడికి నొప్పి లేదు. ఆ తర్వాత ఇంటికి వెళ్లే రోగికి ఒక పిల్లిని కూడా ఇచ్చి పంపారు. వేళ్లను పోగొడుతున్నది స్పర్శ లేకపోవడమే అని అలా రూఢి అయింది. 1955లో కరిగిరిలో మొదలైన షీఫెలిన్ కుష్ఠు పరిశోధన కేంద్రం ఆ దారినే ముందుకు సాగింది. గుడియాత్తం తాలూకా దాని నియంత్రణ కార్యక్రమానికి క్షేత్రమైంది. కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మచ్చలు వెతికారు.

మచ్చను పరీక్షించే తీరు చూడదగ్గది. మనిషిని కళ్లు మూసుకోమంటారు. దూది పోగుతోనో ఈకతోనో చర్మాన్ని తాకుతారు. ఎక్కడ తాకిందో వేలితో చూపించమంటారు. చూపించలేని చోటే జబ్బు. అక్కడ రోగి అబద్ధమాడలేదు, మొండికేయలేదు, నిజంగానే తెలియలేదు. తెలియనివాణ్ణి తిడితే తెలిసిరాదు. పైగా తిట్టే మనిషి వాకిట్లోకి వస్తే ఎవరూ మచ్చ చూపించరు, చీర కొంగు కింద, చొక్కా చేతుల కింద దాచుకుంటారు. దాచినకొద్దీ చేతులు వంకర్లు పోతాయి. వైద్యం అయ్యాక కూడా బాగా దెబ్బతిన్న నరాలు తిరిగి రావు కాబట్టి రోగికి ఒక అలవాటు నేర్పుతారు. రోజూ సాయంత్రం వెలుతురు ఉండగానే కూర్చుని అరచేతులు, అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి. పొక్కు, ఎరుపు, వేడి, ముల్లు ఉన్నాయేమో వెతకాలి. తనకు కనబడని చోటు ఇంట్లోవాళ్ల చేత చూపించుకోవాలి. నొప్పి చేయాల్సిన పనిని కళ్లతో చేయడమన్నమాట.

మనస్సాక్షి మొద్దుబారినప్పుడు చేయాల్సింది కూడా ఇదే, ఈ పోలిక ఇంతవరకే. రోగి పాపి కాడు. అతను నేర్చుకున్న జాగ్రత్త మాత్రం ఏ విశ్వాసికైనా పాఠం. కుల గర్వం, భార్య మీద చెయ్యి చేసుకోవడం, కూలి ఎగ్గొట్టడం, కట్నం పుచ్చుకోవడం... చేసేవాడికి ఇవేవీ నొప్పి పెట్టవు. ‘నా మనసుకు తప్పనిపించలేదు’ అన్నది స్పర్శ లేని చేతి సాక్ష్యం. అందుకే ఒప్పుకోలు ఎప్పుడో పశ్చాత్తాపం పొంగినప్పుడు చేసేది కాకూడదు, దినచర్యలో భాగం కావాలి. తనకు కనబడని అరికాలిని చూడనిచ్చేందుకు ఒకరిద్దరు మనుషులుండాలి. వాళ్లలో తన కింద పనిచేసేవాళ్లు, ఇంటి ఆడవాళ్లు ఉంటే మరీ మంచిది. దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) 1950లో సిద్ధం చేసుకున్న ప్రభుభోజన క్రమంలో ఇందుకు చోటు ఉంది. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకోకముందే పాపపు ఒప్పుకోలు ఉంటుంది. ఆ తర్వాత సమాధానం చేతి నుంచి చేతికి అందుతుంది. ఒకరి అరచేతిని మరొకరు రెండు చేతులా పట్టుకుంటారు. తాకితే మైల అనుకున్న దేశంలో, కుష్ఠును చూసి దూరం జరిగిన సీమలో అది చిన్న సంగతి కాదు. అయితే పక్కనున్న చుట్టంతో చేతులు కలిపి, వెనక బెంచీవాణ్ణి వదిలేస్తే అదీ మొద్దుబారిన చెయ్యే అవుతుంది.

దీనికి అభ్యంతరాలు ఉంటాయి, అవి తేలికైనవి కావు. మొదటిది, తీర్పు తీర్చవద్దని యేసే అన్నాడు కదా, ఎవరి పాపం వాళ్లదే, మనకెందుకు అన్నది. ఇది వినయంలా వినబడుతుంది, చాలాసార్లు పిరికితనం. తాగొచ్చి కొట్టే భర్త సంగతి వీధి వీధికీ తెలిసి, సంఘంలో ఒక్కరూ అతనితో మాట్లాడకపోతే ఆ మౌనం అతనికి అనుకూలమైన తీర్పే. తీర్పు వద్దన్న మాట మనిషి అంతరంగాన్ని తేల్చేసే అధికారాన్ని కాదంది. జరుగుతున్న హానిని ఆపే బాధ్యతను తీసేయలేదు. రెండో అభ్యంతరం దీనికి వ్యతిరేక దిశలోది. ముందు నన్ను నేను దిద్దుకోవాలంటే ఆ పని ఎప్పటికీ పూర్తికాదు, అప్పటిదాకా ఎవరూ ఎవరికీ చెప్పకూడదా? చెప్పవచ్చు. కావలసింది మచ్చ లేకపోవడం కాదు, తన మచ్చను రోజూ వెతుక్కునే అలవాటు ఉండటం. అలాంటివాడి గొంతు వినగానే తెలిసిపోతుంది. అతను ఎదుటివాడి తప్పును తన తప్పుల చిట్టా పక్కనే ఉంచి మాట్లాడతాడు.

మూడోది అన్నింటికన్నా బరువైనది. చాటుగా మాట్లాడమన్న మాటే దుర్మార్గులకు కవచమైంది. పిల్లల మీద, ఆడవాళ్ల మీద అఘాయిత్యం జరిగినప్పుడు, మత్తయి 18 ప్రకారం నువ్వే ముందు ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడు అని బాధితురాలికి చెప్పిన సంఘాలు లోకంలో చాలా ఉన్నాయి. ఇది ఆ అధ్యాయాన్ని తలకిందులు చేయడమే. ఆ మెట్లు సాటి సోదరుల మధ్య తగవుకు పెట్టినవి. అదే అధ్యాయం మొదట్లో చిన్నవాళ్లను ఆటంకపరిచేవాడి మెడకు తిరగలిరాయి కట్టి సముద్రంలో పడేయడమే మేలన్న కఠినమైన మాట ఉంది. బలంలో ఎక్కువతక్కువలున్నచోట చాటుమాట బలవంతుడి పక్షమే. నేరమైతే దానికి చట్టం ఉంది. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం గురించి తెలిసిన ప్రతి ఒక్కరూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ పెద్ద తన కింది ఉద్యోగి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. పాస్టరుగారికి, బడి కరస్పాండెంటుకు మినహాయింపు లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఆడవాళ్ల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. మిషన్ ఆసుపత్రులు, కాలేజీలు దాని వెలుపల లేవు. పోలీసులకు చెప్పడం క్షమించకపోవడం కాదు. శిక్ష ఒకపక్క నడుస్తుండగా, జైల్లో ఉన్నవాణ్ణి చూడటానికి వెళ్లడం సంఘం పనే.

నాలుగోది పరువు గురించి. లోపలి మాట బయటికి పొక్కితే సాక్ష్యం చెడుతుంది, క్రైస్తవేతరుల ముందు చులకనైపోతాం అంటారు. అనుభవం చెప్పేది వేరు. లోపల దిద్దుకోనిదాన్ని బయటివాళ్లు వచ్చి దిద్దుతారు. దక్షిణ ఇండియా సంఘం సినడ్ ఎన్నికల వివాదం 2024 ఏప్రిల్ నాటికి మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తులను పరిపాలకులుగా నియమించే దాకా వచ్చింది, ఆ తర్వాత సుప్రీంకోర్టు గడపా తొక్కింది. కొరింథు విశ్వాసులు తమ తగవుల కోసం బయటి న్యాయస్థానాలకు ఎక్కుతున్నందుకు పౌలు వాళ్లను సిగ్గుపడమన్నాడు. తగవు తీర్చగల జ్ఞాని మీలో ఒక్కడైనా లేడా అన్నది అతని ప్రశ్న. దాన్ని న్యాయస్థానాలకు వెళ్లవద్దన్న ఆజ్ఞగా మాత్రమే చదివితే సగం పోతుంది. చిన్నవాళ్లను బల్లకు దూరం పెట్టడానికి నిమిషం పట్టని సంఘం, పదవిలో ఉన్న పెద్దను లెక్క చెప్పమనడానికి కోర్టు దాకా పోవలసి వచ్చిందంటే దిద్దుబాటు ఎటు పారుతోందో వేరే చెప్పాలా? లెక్కల పుస్తకం, భూమి కాగితాలు, ఎన్నికల జాబితా అందరూ చూసేలా ఉంచడం కూడా పాపపు ఒప్పుకోలులో భాగమే.

ఒప్పుకున్నవాణ్ణి ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. ఇక్కడా మన అలవాటు వంకరగానే ఉంది. ప్రేమించి వేరే మతస్థుణ్ణి పెళ్లాడిన అమ్మాయి ఆదివారం ఆరాధనలో అందరి ముందూ నిలబడి క్షమాపణ చెప్పాలి. కట్నం తీసుకున్న పెళ్లికొడుకు తండ్రి ఆ ఆరాధనలోనే ముందు వరసలో కూర్చుంటాడు. ఒకరికి అవమానం, ఒకరికి కుర్చీ. తప్పు ఎంత మందిని తాకిందో ఒప్పుకోలు అంత మంది ముందే చాలు. సొంత తప్పును జనం ముందు ఆరబెట్టించడం గద్దింపు అనిపించుకోదు. అదే సమయంలో, హాని చేసినవాడు కన్నీళ్లు పెట్టుకున్నాడని ఆ పదవి వెంటనే తిరిగివ్వడం క్షమ అనిపించుకోదు. జక్కయ్య తాను అన్యాయంగా పుచ్చుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడని లూకా రాశాడు. ఎగ్గొట్టిన కూలి ఇచ్చేయడం, తీసుకున్న కట్నం తిప్పి పంపడం, వెనక కూర్చోబెట్టినవాడితో ఒకే పంక్తిలో భోంచేయడం, అతని ఇంటికి సంబంధం కలుపుకోవడానికి సిద్ధపడటం పశ్చాత్తాపానికి నిజమైన ఆనవాళ్లు.

కాబట్టి ఒకరి తప్పు ఎత్తబోయే విశ్వాసి తనను తాను వేసుకోవలసిన ప్రశ్నలు నాలుగే. ఇది నిజంగా పాపమా, లేక పేదరికమో జబ్బో మనకు నచ్చని అలవాటో? దీనివల్ల ఎవరికి దెబ్బ తగులుతోంది, వాళ్లను అడిగానా? ఎదుటివాడు నాకన్నా బలవంతుడా, బలహీనుడా? నా అరికాలు ఈ మధ్య ఎవరికైనా చూపించానా? బలహీనుడైతే గొంతు తగ్గాలి, తలుపు వేసి మాట్లాడాలి. బలవంతుడైతే సాక్షులు కావాలి, వెలుతురు కావాలి, నేరమైతే పోలీసు స్టేషనూ కావాలి. దెబ్బ తిన్నవాళ్లకు రక్షణ దొరికి, తప్పు చేసినవాడికి తిరిగి వచ్చే దారి మిగిలితే ఆ దిద్దుబాటు నెరవేరినట్టు. ఈ రెంటిలో ఒకటే జరిగితే పని సగమే అయింది. రెండూ జరగకుండా ఒకరికి పెద్దరికం మాత్రం పెరిగిందంటే, అక్కడ ముందుగా నిలదీయవలసింది గద్దించినవాణ్ణే.